చిన్న కారుకి డీజిలా, పెట్రోలా: రెండూ నడిపాక నా మాట

చిన్న కారు కొనబోయేవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న డీజిల్ తీసుకోవాలా, పెట్రోల్ తీసుకోవాలా అని. నేను తిరిగి అడిగేది ఒకటే. బండి స్టార్ట్ చేశాక మళ్లీ ఆపేలోపు మామూలుగా ఎంత దూరం వెళ్తారు? నెలకి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతారన్నది నా దృష్టిలో ఆ తర్వాతి ప్రశ్న. షోరూముల్లో మాత్రం ఈ రెండోదే అడుగుతారు. నెలకి ఇంత దాటితే డీజిల్, దాటకపోతే పెట్రోల్ అని తేల్చేస్తారు. ఆ లెక్క సగమే నిజం.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. మా కుటుంబంలో ఒకే మోడల్ కారు రెండు ఇంజన్లతో ఉంది. నాది పెట్రోలు, అన్నయ్యది డీజిలు. నేను ఫిజియోథెరపిస్టుని. మంచం దిగలేని పేషెంట్ల ఇళ్లకి వెళ్లి వ్యాయామాలు చేయిస్తుంటాను. ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి మూడు నాలుగు కిలోమీటర్లు ఉంటాయి. ఇంజను సరిగ్గా వేడెక్కకముందే ఆపేస్తాను, ముప్పావుగంట పోయాక మళ్లీ తీస్తాను. అన్నయ్య కరెంటు టవర్లు నిలబెట్టే పనుల్లో ఇంజనీరు. పొద్దున్నే బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి తప్ప బండి ఆపడు. డిక్కీ నిండా పనిముట్లు, వెనక సీట్లో మనుషులు. ఆ మధ్య తనకి ఎడమ మోకాలి ఆపరేషన్ అయ్యాక, క్లచ్ తేలిగ్గా ఉంటుందని నా కారు తనకిచ్చి తన కారు నేను తీసుకున్నాను. కొన్ని నెలలు అలాగే నడిచింది. అంతకుముందు కూడా దూరప్రయాణాలకి రెండు కార్లూ నడిపాను కాబట్టి, బాడీ, సీట్లు, టైర్లు అన్నీ ఒకటే అయినప్పుడు ఇంజను ఒక్కటి మారితే ఏమవుతుందో నాకు బాగా తెలిసింది.

తాళం తిప్పగానే తేడా మొదలవుతుంది. పెట్రోలు ఇంజను అంటుకున్న కాసేపటికి చప్పుడు తగ్గిపోతుంది. సిగ్నల్ దగ్గర నిలబడినప్పుడు నడుస్తోందో ఆగిందో మీటరు చూస్తే గానీ తెలియదు. డీజిలు చల్లగా ఉన్నప్పుడు టకటకమంటుంది. స్టీరింగు మీద చెయ్యి పెడితే సన్నటి అదురు తగులుతుంది. వేడెక్కాక చాలావరకు సర్దుకుంటుంది గానీ పూర్తిగా పోదు. పెద్ద కార్లకి వేసినంత చప్పుడు ఆపే సరంజామా చిన్న కార్లకి వెయ్యరు, అందుకే ఈ తరగతిలో ఆ తేడా ఎక్కువగా తెలుస్తుంది.

క్లచ్ గురించి నా వృత్తి కోణంలో ఒక మాట. డీజిల్ ఇంజను తిప్పే బలం ఎక్కువ. ఆ బలానికి జారిపోకుండా పట్టుకోవాలంటే క్లచ్ స్ప్రింగు గట్టిగా ఉండాలి, దాంతో పెడలు బరువెక్కుతుంది. ఖాళీ రోడ్డు మీద ఇది పట్టించుకోవాల్సిన విషయమే కాదు. అడుగడుగునా ఆగే ట్రాఫిక్‌లో మాత్రం ఎడమ మోకాలు, తుంటి, నడుము మూడూ దాని బరువు మోస్తాయి. మోకాలి నొప్పులున్నవాళ్లు టెస్ట్ డ్రైవ్‌ని షోరూము చుట్టూ ఒక చుట్టుతో సరిపెట్టకండి. బాగా రద్దీగా ఉండే వేళ అరగంట నడిపి చూడండి. ఆటోమేటిక్ తీసుకునేవాళ్లకి ఈ బాధ లేదు.

ఇక దూరపు రోడ్డు ఎక్కాక డీజిలు అసలు సంగతి చూపిస్తుంది. ఐదుగురు మనుషులు, నిండా సామాను, ఏసీ, ముందు ఎక్కుడు రోడ్డు. నా పెట్రోలు కారు ఇక్కడ గేరు తగ్గించమంటుంది. మూడో గేరులోకి దించి ఇంజనుని బాగా తిప్పితే గానీ లారీని దాటలేను. అన్నయ్య కారు అదే ఎత్తుని నాలుగో గేరులో, పెద్దగా గొంతు పెంచకుండా ఎక్కేస్తుంది. అంకెల్లో చూడాలంటే సుజుకీ స్విఫ్ట్ మంచి ఉదాహరణ. ఒకప్పుడు ఆ కారుకి ఫియట్ రూపొందించిన 1.3 లీటర్ల డీజిల్, సుజుకీ సొంత 1.2 లీటర్ల పెట్రోల్ రెండూ ఉండేవి. హార్స్‌పవర్‌లో పెట్రోలుదే పైచేయి, సుమారు 85 ఉంటే డీజిలుకి 75. టార్క్‌లో, అంటే తిప్పే బలంలో, డీజిలుకి 190 న్యూటన్ మీటర్లు, అదీ 2000 ఆర్‌పీఎం (ఇంజను నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గరే. పెట్రోలుకి సుమారు 115, అది కూడా 4000 దాకా వెళ్తే. బరువు లాగాల్సి వచ్చినప్పుడు పనికొచ్చేది ఈ రెండో అంకె. బ్రోచరులో పెద్దగా వేసే హార్స్‌పవర్ చూసి కారు లాగుడు అంచనా వెయ్యకండి.

అయితే డీజిలుకి ఈ బలం మొదటి నుంచీ ఉండదు. ఇంజనులోకి గాలిని ఒత్తిడితో నెట్టే టర్బో అందుకునేదాకా, అంటే సుమారు 1700, 1800 ఆర్‌పీఎం దాకా, చిన్న డీజిల్ ఇంజను బద్ధకంగా ఉంటుంది. ఆ తర్వాత ఒక్కసారిగా అందుకుంటుంది. స్పీడ్ బ్రేకరు దాటి రెండో గేరులో లేచేటప్పుడు, సందు మలుపు తిరిగి కాస్త ఎత్తు ఎక్కేటప్పుడు ఆ వెలితి తెలుస్తుంది. నేను పనిచేసే వీధుల్లో ఎప్పుడూ ఆ కింది ఆర్‌పీఎంలోనే ఉంటాను కాబట్టి, అన్నయ్య మెచ్చుకునే పికప్ నాకు చాలా అరుదుగా దొరికింది. పెట్రోలు ఇంజను అక్కడ సాఫీగా, ఎంత తొక్కితే అంతే వెళ్తుంది. డీజిల్ ఇంజను బరువు కూడా ఎక్కువే, అదంతా ముందు చక్రాల మీదే పడుతుంది. ఇరుకు సందుల్లో మలుపులు తిప్పేటప్పుడు నా కారు ముక్కు తేలిగ్గా తిరుగుతుంది.

ఈ తేడాలన్నీ మంట పుట్టే తీరులోంచి వచ్చినవే. పెట్రోలు ఇంజనులో గాలి, ఇంధనం కలిసిన మిశ్రమాన్ని పది పన్నెండు రెట్లు కుదించి స్పార్క్ ప్లగ్గుతో అంటిస్తారు. డీజిల్‌లో స్పార్క్ ప్లగ్గే లేదు. ఉత్త గాలిని పదిహేను నుంచి పద్దెనిమిది రెట్లు కుదిస్తే అది ఐదువందల డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. అందులోకి ఇంధనం చిమ్మగానే దానంతటదే అంటుకుంటుంది. రుడాల్ఫ్ డీజిల్ 1897లో ఆగ్స్‌బర్గ్‌లో ఆడించి చూపించిన సూత్రం ఇదే. ఎంత ఎక్కువ కుదిస్తే మంటలోంచి అంత ఎక్కువ పని రాబట్టవచ్చు. పైగా పెట్రోలు ఇంజను వేగం తగ్గించాలంటే గాలి దారిని మూసి ఊపిరి బిగపట్టించాలి, దానికి కొంత శక్తి వృథా అవుతుంది. డీజిలుకి ఆ అవసరం లేదు, ఇంధనం తగ్గిస్తే చాలు. అందుకే ఐడిలింగులో (బండి ఆగి ఇంజను నడుస్తున్నప్పుడు), నెమ్మదిగా సాగే ట్రాఫిక్‌లో కూడా డీజిలు తక్కువ తాగుతుంది. న్యాయంగా ఈ మాట చెప్పాలి. నా చిన్న ప్రయాణాల్లో కూడా ట్యాంకు లెక్కలో అన్నయ్య కారే గెలిచింది. నేను పెట్రోలు వైపు మొగ్గడానికి మైలేజీ కారణం కాదు.

డబ్బు సంగతికి వద్దాం. ఇంధనం ధర ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, ఏడాదికోలా మారుతుంది. అందుకని నేను ఈ లెక్క లీటర్లలో వేస్తాను. డీజిల్ మోడల్‌కి అదనంగా ఎంత అడుగుతున్నారో ఆ మొత్తాన్ని మీ దగ్గరి లీటరు పెట్రోలు ధరతో భాగించండి. వెయ్యి లీటర్లు వచ్చిందనుకుందాం. పెట్రోలు కారు లీటరుకి 16 కిలోమీటర్లు, డీజిలు 21 ఇస్తాయనుకుందాం. వెయ్యి కిలోమీటర్లకి పెట్రోలు 62.5 లీటర్లు, డీజిలు 47.6 లీటర్లు పడుతుంది. రెండు ఇంధనాల ధరా ఒకటే అయితే వెయ్యి కిలోమీటర్లకి మిగిలేది సుమారు 15 లీటర్లు. అంటే ఆ వెయ్యి లీటర్లు తిరిగి రావాలంటే దాదాపు 67 వేల కిలోమీటర్లు తిరగాలి. డీజిలు ధర పదో వంతు తక్కువైతే 51 వేలకే వచ్చేస్తుంది. పదో వంతు ఎక్కువైతే లక్ష దాకా పోవాలి. చూశారా, బంకులో ధర కొంచెం అటూ ఇటూ అయితే గీత ఎంత దూరం జరుగుతుందో! ఏడాదికి 25 వేలు తిరిగే అన్నయ్యలాంటివాళ్లకి మూడేళ్లలోపే తేలిపోతుంది. ఎనిమిది వేలు తిరిగేవాళ్లకి ఎనిమిదేళ్లు దాటుతుంది. లోను మీద కొంటే ఆ అదనపు మొత్తానికి వడ్డీ కూడా కలపండి. ఇంకో జాగ్రత్త, 16, 21 అన్న చోట కంపెనీ చెప్పిన మైలేజీ వేసుకోవద్దు. అదే కారు నడిపేవాళ్లని ట్యాంకు నింపి నింపి కొలవమని, ఆ అంకె వేసుకోండి.

మైలేజీలో ఇంకో మెలిక ఉంది. డీజిలు పెట్రోలు కంటే చిక్కనిది. ఒక లీటరు డీజిల్‌లో లీటరు పెట్రోలు కంటే పది పన్నెండు శాతం ఎక్కువ శక్తి ఉంటుంది. కాబట్టి లీటరుకి ఎక్కువ కిలోమీటర్లు రావడంలో కొంత ఇంజను గొప్పతనం, కొంత ఉత్త చిక్కదనం. కాల్చినప్పుడు వచ్చే కార్బన్ డయాక్సైడు కూడా అలాగే. లీటరు పెట్రోలుకి సుమారు 2.3 కిలోలు, డీజిలుకి 2.65 కిలోల దాకా వస్తుంది. పై ఉదాహరణలో లీటర్ల తేడా 24 శాతం ఉన్నా, కార్బన్ డయాక్సైడు తేడా 12 శాతమే. డీజిల్ కొంటే భూమికి మేలు అని అమ్మేవాళ్లు చెప్పినప్పుడు ఈ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టుకోండి.

ఇప్పుడు అసలు విషయం, ఫిల్టర్. కొత్త తరం డీజిల్ కార్లన్నిటికీ సైలెన్సరు దారిలో మసిని పట్టే ఫిల్టర్ ఉంటుంది. డీపీఎఫ్ అంటారు. ఆ మసి నిండుతుంది, కొన్ని వందల కిలోమీటర్లకోసారి దాన్ని అక్కడే కాల్చెయ్యాలి. దానికి సుమారు ఆరువందల డిగ్రీల వేడి కావాలి. ఇంజను తనకు తానే కొంచెం అదనంగా డీజిలు చిమ్మి ఆ వేడి పుట్టిస్తుంది. ఇంజను బాగా వేడెక్కి, పావుగంటో ఇరవై నిమిషాలో ఆగకుండా ఒకే వేగంతో నడిస్తే ఈ పని మనకి తెలియకుండానే అయిపోతుంది. మధ్యలో ఆపేస్తే సగంలో ఆగిపోతుంది. మళ్లీ మొదలెడుతుంది, మళ్లీ ఆగిపోతుంది.

నా చేతికొచ్చిన కొన్ని వారాలకే అన్నయ్య కారులో ఆ ఫిల్టర్ లైటు వెలిగింది. ఫోన్ చేసి చెబితే తను ఆశ్చర్యపోయాడు. "ఆ లైటు నేనెప్పుడూ చూడనే లేదమ్మా, కొన్నప్పటి నుంచి ఒక్కసారి కూడా వెలగలేదు" అన్నాడు. అదే కారు, అదే ఫిల్టర్, అదే డీజిలు. మారింది ప్రయాణం పొడవు ఒక్కటే. ఊరు దాటించి పెద్ద రోడ్డు మీద నాలుగో గేరులో, ఇంజను రెండు వేల ఆర్‌పీఎం తగ్గకుండా కాసేపు నడిపితే లైటు ఆరిపోయింది. మళ్లీ నా రోజువారీ తిరుగుడులో పడ్డాక కొన్నాళ్లకి మళ్లీ వెలిగింది. ఆ నెలల్లో ఫిల్టర్ శుభ్రం చెయ్యడానికే ప్రత్యేకంగా పెద్ద రోడ్డు ఎక్కాల్సి వచ్చేది. మిగిల్చిన డీజిలు కొంత దానికే పోయేది. అంతకంటే విలువైనది నా సమయం.

లైటు కంటే నన్ను ఎక్కువ కంగారుపెట్టింది ఆయిల్ గేజ్. ఇంజనాయిలు తగ్గాలి గానీ పెరగకూడదు. ఒకరోజు గేజ్ తీసి చూస్తే మట్టం పై గీత దాటి ఉంది. మెకానిక్ దాన్ని వాసన చూసి డీజిలు కలుస్తోందని చెప్పాడు. మసి కాల్చడానికి అదనంగా చిమ్మిన ఇంధనం, పని మధ్యలో ఆగినప్పుడల్లా కొంత సిలిండరు గోడల మీదుగా కిందికి జారి ఆయిల్లో కలుస్తుంది. అలా పలచబడ్డ ఆయిలు టర్బోకీ బేరింగులకీ సరైన రక్షణ ఇవ్వలేదు. సర్వీసింగుకి ఇంకా చాలా కిలోమీటర్లు ఉన్నా ఆయిలు ముందే మార్పించాం. డీజిల్ కారు ఉన్నవాళ్లు నెలకోసారైనా గేజ్ తీసి చూడండి. తగ్గిందా అని మాత్రమే చూడటం అలవాటు, పెరిగిందా అని కూడా చూడండి. ఆయిలు కూడా ఏది పడితే అది పొయ్యకూడదు. ఫిల్టర్ ఉన్న కార్లకి తక్కువ బూడిద వచ్చే రకం వేరే ఉంటుంది, కారు పుస్తకంలో రాసినదే పొయ్యాలి. మసి కాలుతుంది గానీ ఆయిల్లోంచి వచ్చే బూడిద కాలదు, ఫిల్టర్‌లోనే పేరుకుపోతుంది.

మసి కాలుతోందని గుర్తుపట్టడం నేర్చుకుంటే సగం బాధ తప్పుతుంది. ఐడిలింగు మామూలు కంటే కొంచెం పైన ఉంటుంది, మైలేజీ మీటరు ఉన్నట్టుండి పడిపోతుంది, ఆపాక ఫ్యాను గట్టిగా తిరుగుతూనే ఉంటుంది, వేడి లోహం వాసన వస్తుంది. ఆ గుర్తులు కనబడితే ఇంకో పది నిమిషాలు నడిపి ఆపడం మంచిది. ఎండుగడ్డి మీద మాత్రం ఆ సమయంలో నిలపకండి, కింద ఉన్న భాగం అంత వేడిగా ఉంటుంది.

డీజిల్‌లో ఖరీదైన భాగాలు ఇంకా ఉన్నాయి. ఇంధనం చిమ్మే ఇంజెక్టర్లు, పంపు వెయ్యి బార్ (ఒక బార్ అంటే దాదాపు మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి) దాటిన ఒత్తిడిలో పనిచేస్తాయి, కొత్తవాటిలో రెండు వేల దాకా వెళ్తుంది. మామూలు పెట్రోలు ఇంజనులో ఇంజెక్టరుకి వచ్చే ఒత్తిడి మూడు నాలుగు బార్లే. అంత సున్నితమైన పనితనంలోకి నీరో దుమ్మో చేరితే రిపేరు బిల్లు పెట్రోలు కారు యజమాని ఊహకి అందదు. టర్బో, పొగలో కొంత మళ్లీ ఇంజనులోకి పంపుతూ మసితో బిగుసుకుపోయే ఈజీఆర్ వాల్వు, కొన్ని మోడళ్లలో ఇంజను అదురుని తగ్గించే రెండు ముక్కల ఫ్లైవీలు, ఇవన్నీ పాతబడేకొద్దీ వరసగా అడిగేవే. డీజిల్ ఫిల్టర్ (మసి ఫిల్టర్ కాదు, ఇంధనాన్ని వడకట్టేది) మార్చే గడువు ఒక్కసారి కూడా దాటించవద్దు. మంచి బంకులోనే పోయించుకోండి. అన్నయ్య ఈ రెండూ నిక్కచ్చిగా పాటిస్తాడు. తన కారు అంత తిరిగినా ఇంజెక్టర్ల జోలికి వెళ్లాల్సిన అవసరం ఇంతవరకు రాలేదు.

బంకు మాట వచ్చింది కాబట్టి, పెట్రోలు నాజిల్ సన్నగా ఉంటుంది, డీజిల్ ట్యాంకులోకి సులువుగా దూరిపోతుంది. డీజిల్ పంపుకి ఆ డీజిలే కందెన, పెట్రోలు వెళ్తే లోపల లోహం లోహంతో రాసుకుంటుంది. పొరపాటున పోసేశారని తెలిస్తే స్టార్ట్ చెయ్యడం అటుంచి, తాళం ఆన్ కూడా చెయ్యకండి. ఆన్ చేస్తేనే ట్యాంకులోని పంపు తిరిగి ఆ పెట్రోలుని ముందుకు తోసే కార్లు చాలా ఉన్నాయి. బండిని తోసి పక్కన పెట్టించి ట్యాంకు ఖాళీ చేయిస్తే ఖర్చు అక్కడితో ఆగుతుంది.

ఇప్పుడు పెట్రోలు లోపాలు. టర్బో లేని చిన్న పెట్రోలు ఇంజను నిండా బరువుతో నీరసిస్తుందని ముందే చెప్పాను. గట్టిగా తొక్కితే మైలేజీ డీజిలు కంటే ఎక్కువగా పడిపోతుంది. చల్లటి ఇంజను మొదటి రెండు మూడు కిలోమీటర్లు బాగా తాగుతుంది, నా ప్రయాణాల్లో సగం ఆ కిలోమీటర్లే. బంకుకి తరచుగా వెళ్లాలి. ఇవన్నీ రోజూ కొంచెం కొంచెంగా కట్టే ఖర్చులు, నేను ముందే ఊహించగలను. డీజిల్‌లో మిగులు రోజూ కొంచెం కొంచెంగా వస్తుంది, ఖర్చు మాత్రం ఏ రోజు ఏ భాగం పేరుతో వస్తుందో తెలియదు. నాకు మొదటిదే నయం.

బలం కావాలి, డీజిల్ వద్దు అనుకునేవాళ్లకి టర్బో పెట్రోలు ఉంది. ఫోర్డ్ 2012లో తెచ్చిన ఒక లీటరు, మూడు సిలిండర్ల ఎకోబూస్ట్ ఇంజను 170 న్యూటన్ మీటర్ల టార్క్ ఇచ్చింది. వరసగా మూడేళ్లు అంతర్జాతీయ ఇంజన్ ఆఫ్ ది ఇయర్ అనిపించుకుంది. ఆ తర్వాత దాదాపు అందరూ ఆ దారి పట్టారు. ఎత్తులు ఎక్కడంలో డీజిలుకి దగ్గరగా వస్తాయి గానీ, ఆ బలం వాడుకుంటే ఇంధనం కూడా అలాగే తాగుతాయి. ఊళ్లో ఆగి ఆగి వెళ్లేవాళ్లకి చిన్న హైబ్రిడ్, అంటే పెట్రోలు ఇంజనుతో పాటు కరెంటు మోటారు కూడా ఉన్న కారు, వీటన్నిటికంటే పొదుపు. బ్రేకు వేసినప్పుడు పోయే శక్తిని బ్యాటరీలో దాచుకుంటుంది, ఫిల్టర్ గొడవ ఉండదు. ధర తేడా మీద పైన చెప్పిన లీటర్ల లెక్కే వేసి చూసుకోండి.

పొగ గురించి మాట్లాడకుండా నేను ఈ సమీక్ష రాయలేను. నా పేషెంట్లలో ఆక్సిజన్ గొట్టం ముక్కుకి పెట్టుకుని పడుకున్నవాళ్లు ఉన్నారు. వాళ్ల కిటికీ కింద ఇంజను ఆన్‌లో పెట్టి నిలబడ్డ పాత డీజిల్ బండి గదిలోపల ఏం చేస్తుందో దగ్గరుండి చూశాను. ప్రపంచ ఆరోగ్య సంస్థకి చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం 2012లో డీజిల్ పొగని క్యాన్సర్ కలిగించేదిగా మొదటి వర్గంలో పెట్టింది. ఫిల్టర్ సరిగ్గా ఉన్న కొత్త డీజిల్ కారు ఆ మసిలో నూటికి తొంభై పాళ్లకి పైగా ఆపేస్తుంది, కాబట్టి అన్నయ్య కారునీ ఆ పాత బండినీ ఒకే గాటన కట్టను. మిగిలింది ఊపిరితిత్తులని మండించే నైట్రోజన్ ఆక్సైడ్లు. కార్ల పొగకి ఐరోపా పెట్టిన యూరో 6 నిబంధన కూడా ఈ విషయంలో డీజిలుకి కొంచెం ఎక్కువే వదిలింది, కిలోమీటరుకి 80 మిల్లీగ్రాములు. పెట్రోలుకి 60. కాగితం మీద ఉన్నది రోడ్డు మీద ఉండకపోవచ్చని 2015 సెప్టెంబరులో లోకానికంతా తెలిసింది. పరీక్షలో ఒకలా, రోడ్డు మీద ఇంకోలా నడిచే సాఫ్ట్‌వేర్‌ని ఫోక్స్‌వ్యాగన్ సుమారు 1 కోటి 10 లక్షల కార్లలో పెట్టిందని బయటపడింది. రెండేళ్ల తర్వాత ఐరోపాలో కొత్త మోడళ్లని నిజమైన రోడ్డు మీద కూడా కొలవడం తప్పనిసరి చేశారు. పెట్రోలు కూడా పూర్తిగా నిర్దోషి కాదు. సిలిండరులోకి నేరుగా చిమ్మే రకాలు సన్నటి మసి వదులుతాయి, అందుకే ఐరోపాలో 2018 ప్రాంతం నుంచి వాటిలో చాలావాటికి ఫిల్టర్ పెట్టారు. పెట్రోలు పొగ ఎక్కువ వేడిగా ఉంటుంది కాబట్టి ఆ ఫిల్టర్ మామూలుగా దానంతటదే శుభ్రపడుతుంది.

చిన్న డీజిల్ కారుకి ఒకప్పుడు గొప్ప కాలం నడిచింది. 1976లో ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్ డీజిల్ రావడంతో చిన్న కారులోనూ ఈ ఇంజను నప్పుతుందని అందరూ నమ్మారు. 1997లో ఆల్ఫా రోమియో 156తో కామన్ రైల్, అంటే ఎక్కువ ఒత్తిడిలో ఉన్న డీజిలుని ఒకే గొట్టం నుంచి అన్ని ఇంజెక్టర్లకీ అందించే పద్ధతి, వచ్చింది. 2011 ప్రాంతంలో ఐరోపాలో అమ్ముడైన కొత్త కార్లలో సగానికి పైగా డీజిల్‌వే. ఇప్పుడు చిన్న కార్లలో వెతికితే గానీ దొరకవు. ఫిల్టరు, నైట్రోజన్ ఆక్సైడ్లని పట్టే పరికరం, కొన్నిటికి ఆ పనికే యూరియా ద్రవం ట్యాంకు, ఇవన్నీ పెట్టాక చిన్న కారు ధరలో ఇముడ్చుకోవడం కంపెనీలకి కష్టమైంది. కొనబోయేవాళ్లకి దీని అర్థం రీసేల్‌లో తెలుస్తుంది. లండన్‌లో ప్రత్యేక రుసుం లేకుండా తిరగాలంటే పెట్రోలు కారు యూరో 4 అయితే చాలు, డీజిలు యూరో 6 ఉండాలి. ఊళ్లు ఆంక్షలు పెట్టినప్పుడు ముందు పట్టుకునేది డీజిల్‌నే. పదేళ్లు ఉంచుకోవాలనుకుంటే మీ ఊరి నిబంధనలు ఎటు పోతున్నాయో చూసుకోండి.

నా తీర్పు ఇది. రోజూ ఒక్కసారైనా అరగంట ఆగకుండా పెద్ద రోడ్డు మీద నడిపేవాళ్లు, బరువు వేసుకుని తిరిగేవాళ్లు, ఏడాదికి ఇరవై వేల కిలోమీటర్లు దాటేవాళ్లు డీజిల్ తీసుకోండి. ఈ పనికి అంత హాయినిచ్చే బండి ఈ ధరలో ఇంకోటి లేదు. అన్నయ్య మోకాలు బాగుపడ్డాక తన కారు తనకి తిరిగిచ్చేస్తే ఫిల్టర్ లైటు మళ్లీ వెలగలేదు. నెలకి రెండు మూడు వేల కిలోమీటర్లు తిరిగినా అవన్నీ చిన్న చిన్న ముక్కలే అయితే, డెలివరీలు, ఇంటింటి ట్యూషన్లు, నా లాంటి పనులు అయితే, పెట్రోలే. నెలకి ఒక్కసారి ఊరెళ్తాం కదా అని డీజిల్ కొనకండి. ఆ ఒక్కరోజు గేరు తగ్గించి ఎక్కడం పెద్ద కష్టమేమీ కాదు.

సెకండ్ హ్యాండ్ డీజిల్ చూడబోయేవాళ్లకి ఇంకొంచెం. తక్కువ తిరిగిన పాత డీజిల్ అంటే మురిసిపోకండి. ఎనిమిదేళ్లలో ముప్పై వేలే తిరిగిందంటే అన్నీ చిన్న ప్రయాణాలే అయి ఉండొచ్చు. ఏడాదికి ఇరవై వేలు పెద్ద రోడ్ల మీద తిరిగిన కారు దానికంటే నయం. మీరు వెళ్లేసరికి ఇంజను చల్లగా ఉండాలని ముందే చెప్పండి, వెళ్లగానే బానెట్ మీద చెయ్యి పెట్టి చూడండి. చల్లటి ఇంజను వెంటనే అంటుకోవాలి. ఆయిల్ గేజ్ తీసి మట్టం చూడండి, డీజిల్ వాసన వస్తుందేమో చూడండి. తర్వాత సైలెన్సరు గొట్టంలోపల వేలితో తుడవండి. ఫిల్టర్ బాగున్న కారులో వేలికి దాదాపు ఏమీ అంటదు. నల్లటి మసి దట్టంగా అంటితే ఫిల్టర్ పగిలైనా ఉండాలి, ఎవరో పీకేసైనా ఉండాలి. ధర ఎంత తగ్గించినా ఆ కారు వదిలేసి వచ్చెయ్యండి.